సైన్‌తో విలువలు మెత్తగా పెంచడం, తగ్గించడం: ఎల్ఈడీ, సర్వో, స్క్రీన్ మీద బొమ్మ

ఎల్ఈడీ వెలుగు 0 నుంచి 255 దాకా మెల్లగా పెరగాలి, మళ్లీ మెల్లగా తగ్గాలి. దీనికి చాలామంది మొదట రాసేది రెండు ఫర్ లూపులు: ఒకటి పైకి, ఒకటి కిందికి. పని జరుగుతుంది. కానీ 255 దగ్గర వెలుగు గోడకు కొట్టుకున్న బంతిలా వెనక్కి తిరుగుతుంది. వేగం ఒక్క క్షణంలో ప్లస్ నుంచి మైనస్‌కు మారడమే కారణం. పైగా ఆ లూపుల్లో డిలే నడుస్తున్నంతసేపు బోర్డు బటన్ నొక్కినా పట్టించుకోదు.

సైన్ వాడితే రెండు ఇబ్బందులూ పోతాయి. అంచుకు దగ్గరయ్యేకొద్దీ వేగం తగ్గుతూ వచ్చి, సరిగ్గా అంచులో సున్నా అయి, అక్కణ్ణుంచి నెమ్మదిగా వెనక్కి మళ్లుతుంది. ఇప్పుడు టైమెంతో తెలిస్తే చాలు, విలువ ఎంతో లెక్కలో వచ్చేస్తుంది. కాబట్టి ఎక్కడా ఆగాల్సిన పని లేదు.

సైన్ ఫంక్షన్ తనంతట తాను తప్పు చేయదు. ఏదైనా తేడా కొట్టిందంటే అది సైన్‌లోకి పంపిన కోణంలోనో, బయటికొచ్చాక చేసిన లెక్కలోనో ఉంటుంది. మొత్తం ఒకే లైన్లో కుక్కితే ఎక్కడ ఉందో దొరకదు. అందుకే ఎప్పుడూ మూడు ముక్కలుగా రాయండి: ఫేజ్, ఆకారం, పరిధి.

మూడు లైన్లు

కింద పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి. మీ లాంగ్వేజ్‌లో వాటికున్న ఫంక్షన్ పేర్లు పెట్టుకోండి. % గుర్తు అంటే భాగిస్తే మిగిలే శేషం. మిల్లీస్( ) అంటే బోర్డు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు. 6.28318 అంటే ఒక పూర్తి చుట్టు (360 డిగ్రీలు), రేడియన్లనే కోణం కొలతలో.

ఫేజ్ = (మిల్లీస్( ) % 4096) ÷ 4096.0
ఆకారం = (1 − కోసైన్(6.28318 × ఫేజ్)) ÷ 2
విలువ = కనిష్ఠం + (గరిష్ఠం − కనిష్ఠం) × ఆకారం

ఫేజ్ అంటే ఒక చుట్టులో ఎంత భాగం అయిందో చెప్పే అంకె. 0 దగ్గర మొదలై, 1కి కొంచెం తక్కువ దాకా వెళ్లి, మళ్లీ 0కి వస్తుంది. ఆకారం ఆ ఫేజ్ తీసుకుని 0కీ 1కీ మధ్య మెత్తగా ఊగే అంకె ఇస్తుంది. పరిధి దాన్ని మీకు కావాల్సిన అంకెల్లోకి సాగదీస్తుంది. పై లైన్లలో ఒక చుట్టుకు 4096 మిల్లీసెకన్లు, అంటే నాలుగు సెకన్ల పైచిలుకు. ఆ వింత అంకె ఎందుకో కాసేపట్లో వస్తుంది.

సైన్ అని చెప్పి కోసైన్ రాశామేమిటి? కోసైన్ కూడా సైనే, పావు చుట్టు ముందుగా నడుస్తుందంతే. సైన్ 0 దగ్గర 0 ఇస్తుంది, అంటే పరిధిలో సరిగ్గా మధ్య. అలా రాస్తే స్విచ్ వేయగానే ఎల్ఈడీ ఒక్కసారిగా 127కి ఎగిరి, అక్కణ్ణుంచి మొదలవుతుంది. 1 − కోసైన్ రాస్తే కనిష్ఠం నుంచే బయల్దేరుతుంది.

రాసిన వెంటనే నాలుగు చోట్ల చేత్తో లెక్క చూసుకోండి. ఫేజ్ 0, 0.25, 0.5, 0.75 ఇస్తే ఆకారం వరుసగా 0, 0.5, 1, 0.5 రావాలి. కనిష్ఠం 20, గరిష్ఠం 200 అనుకుంటే విలువలు 20, 110, 200, 110. ఈ నాలుగూ సరిపోతే మధ్యలోవి కూడా సరిగ్గానే ఉంటాయి. ఆర్డునో ఐడీఈలో (ఆర్డునో బోర్డుకు కోడ్ రాసే ప్రోగ్రామ్) సీరియల్ ప్లాటర్ తెరిచి విలువను ప్రింట్ చేస్తే వంపు కళ్లముందే గీస్తుంది. ఎక్కడైనా నిలువు గీత కనిపిస్తే అక్కడ విలువ దూకుతోందని అర్థం.

ట్యుటోరియళ్లలో ఎక్కువగా కనిపించే ఇంకో రూపం: విలువ = మధ్య + యాంప్లిట్యూడ్ × సైన్(కోణం). తప్పేం లేదు. కానీ ఇందులో యాంప్లిట్యూడ్ అంటే గరిష్ఠానికీ కనిష్ఠానికీ ఉన్న తేడాలో సగం. మొత్తం తేడా పెట్టేయడం రోజూ జరిగే పొరపాటు. 20–200 పరిధికి మధ్య 110, యాంప్లిట్యూడ్ 90 ఉండాలి. 180 పెడితే విలువ −70 నుంచి 290 దాకా తిరుగుతుంది. దాన్ని 0–255 మాత్రమే పట్టే బైట్ వేరియబుల్‌లో దాచితే −70 కాస్తా 186 అవుతుంది, 290 కాస్తా 34 అవుతుంది. వెలుగు బాగా పెరగాల్సిన చోట టక్కున పడిపోతోందంటే మొదట ఇదే చూడండి. 128 + 128 × సైన్ అని రాసినా ఇదే గొడవ: శిఖరం దగ్గర 256 వస్తుంది, బైట్‌లో అది 0. అంటే ఎల్ఈడీ నిండుగా వెలగాల్సిన క్షణంలోనే ఆరిపోతుంది. 0–255కి మధ్య 127.5, యాంప్లిట్యూడ్ 127.5 పెట్టి, చివర్లో రౌండ్ చేయండి. దశాంశం నరికేస్తే 255 అనేది శిఖరం అంచులో తప్ప కనపడదు.

కోణం రేడియన్లలోనే

సీ, పైథాన్, జావాస్క్రిప్ట్, ఎక్సెల్, షేడర్లు అన్నింట్లోనూ సైన్ ఫంక్షన్ రేడియన్లే తీసుకుంటుంది. స్క్రాచ్ బ్లాకుల్లో మాత్రం డిగ్రీలు. అనుమానం ఉంటే సైన్(30) ప్రింట్ చేయండి. 0.5 వస్తే డిగ్రీలు, −0.988 వస్తే రేడియన్లు. డిగ్రీలు పొరపాటున రేడియన్ల ఫంక్షన్‌లోకి వెళ్తే ఎర్రర్ ఏమీ రాదు. విలువలు −1కీ 1కీ మధ్యే ఉంటాయి, కాకపోతే పిచ్చిపిచ్చిగా దూకుతాయి. అందుకే చాలాసేపు దొరకదు. ఫేజ్‌ను 0–1లో ఉంచి, సైన్ పిలిచే చోట ఒక్కసారి మాత్రమే 6.28318తో గుణించే అలవాటు ఉంటే ఈ గందరగోళం దాదాపు రాదు.

టైము లెక్కలో దాగున్న బగ్గులు

ప్రతి ఫ్రేముకీ కోణాన్ని 0.05 పెంచుతూ పోవడం తేలికే. కానీ 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద సరిగ్గా ఆడిన బొమ్మ 144 హెర్ట్జ్ స్క్రీన్ మీద 2.4 రెట్లు వేగంగా ఊగుతుంది. ఫ్రేములు లెక్కపెట్టకండి, టైము చూడండి.

టైము వాడేటప్పుడు సీ, ఆర్డునోలో పొంచి ఉండేది ఇంటిజర్ భాగహారం. (మిల్లీస్( ) ÷ 1000) అని రాస్తే రెండూ పూర్ణ సంఖ్యలే కాబట్టి జవాబూ పూర్ణ సంఖ్యే: 0, 1, 2. వెలుగు సెకనుకోసారి మెట్టులా మారుతుంది. 1000.0 అని రాస్తే ఫ్లోట్ (దశాంశాల) లెక్క అవుతుంది. పైన 4096.0లో ఆ చుక్క, సున్నా ఉన్నది దీనికే.

రెండోది ఆలస్యంగా బయటపడే రకం. ఆర్డునో ఊనోలో డబుల్ అని రాసినా అది నాలుగు బైట్ల ఫ్లోటే. అందులో పూర్ణ సంఖ్యలు 1,67,77,216 దాకానే తప్పు లేకుండా పడతాయి. మిల్లీసెకన్లలో అది 4 గంటల 39 నిమిషాలు. ఆ తర్వాత ఒక్కో మిల్లీసెకన్ పట్టదు, అంకెలు గుంపులుగా దూకుతాయి. ఒక రోజు గడిచాక ఆ దూకుడు 8 మిల్లీసెకన్లు, 13వ రోజుకు 128, 25వ రోజుకు 256. బల్ల మీద పెట్టి పది నిమిషాలు చూస్తే ఏ లోపమూ ఉండదు. గోడకు బిగించి వదిలేసిన మూడు వారాలకు వెలుగు మెట్లు మెట్లుగా మారడం మొదలవుతుంది. మందు ఒక్కటే: ముందు పూర్ణ సంఖ్యల్లోనే శేషం తీసి, ఆ చిన్న అంకెను మాత్రమే ఫ్లోట్‌లోకి మార్చాలి. మన మొదటి లైను చేసేది అదే.

ఇక 4096 సంగతి. మిల్లీస్ లెక్క 32 బిట్లది, 49.7 రోజులకు నిండిపోయి మళ్లీ 0 నుంచి మొదలవుతుంది. చుట్టు 3000 మిల్లీసెకన్లు అనుకుంటే ఆ క్షణంలో శేషం 2295 నుంచి 0కి దూకుతుంది, ఎల్ఈడీ ఒకసారి టక్కుమంటుంది. చుట్టు 2048, 4096, 8192 లాంటి రెండుకు ఘాతమైతే ఆ అతుకు కూడా కనపడదు. దీపానికి ఇదంతా అతి జాగ్రత్తే, సందేహం లేదు. కానీ అదే కోడ్ మోటారు తిప్పుతుంటే ఆ ఒక్క దూకుడు గేర్ పన్ను విరగ్గొట్టొచ్చు.

వేగం మధ్యలో మార్చాలంటే

కోణం = టైము × వేగం అని రాశాక నాబ్ తిప్పి వేగం మార్చితే విలువ ఉలిక్కిపడినట్టు దూకుతుంది. ఎందుకో చూడండి. 100వ సెకను దగ్గర వేగం 1 హెర్ట్జ్ అయితే అప్పటికి 100 చుట్లు అయ్యాయి. నాబ్ అరవెంట్రుక వాసి కదిలి వేగం 1.005 అయితే అదే లెక్క 100.5 చుట్లు అంటుంది. అంటే అడుగున ఉన్నది శిఖరానికి ఎగిరింది. పాత సెకన్లన్నింటికీ కొత్త వేగాన్ని వర్తింపజేయడమే తప్పు. టైము గడిచేకొద్దీ ఇది ముదురుతుంది, కాబట్టి టెస్టింగ్‌లో అసలు దొరకదు.

వేగం మారే చోట ఫేజ్‌ను పోగు చేయండి:

ఫేజ్ = ఫేజ్ + గడిచిన సెకన్లు × హెర్ట్జ్
ఫేజ్ 1 దాటితే ఫేజ్ = ఫేజ్ − 1

గడిచిన సెకన్లు అంటే కిందటిసారి ఈ లైను నడిచినప్పటి నుంచి ఇప్పటిదాకా. వేగం ఎలా మారినా వంపు తెగదు, దాని వాలు మాత్రమే మారుతుంది. బ్రౌజర్లో ఒక చిక్కుంది: ట్యాబ్ వెనక్కి వెళ్తే యానిమేషన్ ఫ్రేములు ఆగిపోతాయి, తిరిగొచ్చాక మొదటి ఫ్రేములో గడిచిన టైము ఏ 40 సెకన్లో వస్తుంది. ఆ అంకెను 0.1 దగ్గర కత్తిరించండి. ఒక్కసారి 1 తీసేస్తే సరిపోవడం కూడా అప్పుడే నిజం.

ఎల్ఈడీకి గామా తప్పనిసరి

వైరింగ్ చిన్నదే. ఎల్ఈడీ పొడవు కాలు 220 ఓమ్ రెసిస్టర్ మీదుగా ఊనో 6వ పిన్‌కు, పొట్టి కాలు గ్రౌండ్‌కు. పీడబ్ల్యూఎం (పిన్‌ను చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేసి వెలుగును తగ్గించే పద్ధతి) ఉన్న పిన్‌లు 3, 5, 6, 9, 10, 11. వేరే పిన్‌కు, ఉదాహరణకు 7కి, పెడితే విలువ 128 లోపు ఉన్నంతసేపు ఆరి, ఆ పైన పూర్తిగా వెలుగుతుంది. మెల్లగా మారాల్సిన దీపం ఠక్ ఠక్ మని వెలిగి ఆరుతుంటే ముందు పిన్ చూడండి, తర్వాత కోడ్ చూద్దురు. 9, 10 కాకుండా 6 ఎందుకు తీసుకున్నామంటే, అదే బోర్డు మీద తర్వాత సర్వో (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) లైబ్రరీ చేర్చితే ఆ రెండు పిన్‌ల మీద పీడబ్ల్యూఎం పోతుంది.

అన్నీ సరిగ్గా పెట్టినా మొదటిసారి చూడగానే నిరాశే. దీపం చాలాసేపు నిండుగా వెలుగుతున్నట్టు, ఒక్క క్షణం ఆరినట్టు కనిపిస్తుంది. సైన్‌లో లోపం లేదు. మన కన్ను వెలుగును సమానంగా కొలవదు. పీడబ్ల్యూఎం 127 అంటే కాంతి సగమే, కానీ కంటికి సగం కంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. అందుకే ఆకారానికీ పరిధికీ మధ్య ఇంకో లైను దూర్చాలి, దీన్నే గామా అంటారు:

ఆకారం = ఆకారం ఘాతం 2.2

0.5 కాస్తా 0.218 అవుతుంది, అంటే 255లో 55. చీకటి నుంచి బయటికి రావడం ఇప్పుడు కంటికి మెత్తగా ఉంటుంది. మూడు ముక్కలు విడివిడిగా ఉన్నాయి కాబట్టే ఈ లైను ఎక్కడ దూర్చాలో తడుముకోనక్కర్లేదు.

దీంతో ఒక కొత్త సమస్య వస్తుంది. ఆకారం 0.059 లోపు ఉన్నంతసేపు రౌండ్ చేస్తే విలువ 0. లెక్క వేస్తే అది చుట్టులో 15 శాతం పైనే. 4096 మిల్లీసెకన్ల చుట్టులో దాదాపు 0.64 సెకన్లు దీపం పూర్తిగా ఆరి ఉంటుంది. ఆ తర్వాత 1, 2, 3 మెట్లు ఒక్కొక్కటిగా కంటికి కనిపిస్తాయి, చీకటి గదిలో మరీను. రెండు దారులున్నాయి. కనిష్ఠాన్ని 3కి పెంచి 3–255 మధ్య తిప్పడం సులువు. దీపం పూర్తిగా ఆరదు, మెట్లు కొంత తగ్గుతాయి. అసలైన మందు పీడబ్ల్యూఎం బిట్లు పెంచడమే. ఈఎస్పీ32 బోర్డులో 5000 హెర్ట్జ్ దగ్గర 13 బిట్లు వస్తాయి, అంటే 8192 మెట్లు. అక్కడ గరిష్ఠం 8191 పెట్టి, మిగతా లైన్లు అలాగే ఉంచండి.

ఘాతానికి బదులు ఎక్స్‌పొనెన్షియల్ వాడే పద్ధతీ ఉంది: (ఎక్స్‌ప్(−కోసైన్(కోణం)) − 0.36788) × 108.49. ఇదీ 0 నుంచి 255 దాకానే నడుస్తుంది, మధ్యలో 69 దగ్గర ఉంటుంది. ల్యాప్‌టాప్ నిద్రపోయినప్పుడు వెలిగే దీపంలా శ్వాస తీసుకున్నట్టు కావాలంటే ఇది బాగుంటుంది. కానీ పరిధి మార్చాలంటే 108.49 లెక్క మళ్లీ వేయాలి కాబట్టి గామా లైనే మేలు.

సర్వోకు వేగం హద్దు చూసుకోవాలి

సర్వోను 30 నుంచి 150 డిగ్రీల మధ్య ఊపాలంటే కనిష్ఠం 30, గరిష్ఠం 150, గామా అక్కర్లేదు. కానీ సైన్ మధ్యలో చాలా జోరుగా వెళ్తుందని మర్చిపోకూడదు. అత్యధిక వేగం = యాంప్లిట్యూడ్ × 6.28318 ÷ చుట్టు టైము. ఇక్కడ యాంప్లిట్యూడ్ 60 డిగ్రీలు, చుట్టు 2 సెకన్లు అయితే సెకనుకు 188 డిగ్రీలు. ఎస్‌జీ90 లాంటి చిన్న సర్వో బరువు లేనప్పుడు 60 డిగ్రీలకు 0.1 సెకను తీసుకుంటుంది, అంటే సెకనుకు 600. లెక్క ప్రకారం 0.63 సెకన్ల చుట్టు దాకా అందుకోవాలి. సర్వో చేతికి బరువు తగిలిస్తే అంత రాదు, రెట్టింపు టైము ఇచ్చి మొదలుపెట్టండి. హద్దు దాటితే సర్వో వెనకబడుతుంది. అంచులు చేరకముందే తిరిగి వచ్చేస్తుంది, వంపు కాస్తా త్రిభుజం అయిపోతుంది.

నెమ్మదిగా తిప్పినప్పుడు వేరే బాధ. డిగ్రీల్లో పంపితే పూర్ణ సంఖ్యలే వెళ్తాయి, సర్వో గడియారం ముల్లులా టిక్కు టిక్కు మంటుంది. మైక్రోసెకన్లలో పంపే ఫంక్షన్ వాడండి. ఆర్డునో లైబ్రరీలో 0–180 డిగ్రీలకు 544–2400 మైక్రోసెకన్లు, అంటే డిగ్రీకి పది మెట్ల పైనే దొరుకుతాయి. 30 డిగ్రీలకు 853, 150కి 2091 పెట్టుకోండి.

స్క్రీన్ మీద తేలే నాణెం

ఆటల్లో గాల్లో తేలే నాణేలు, మెనూలో ఊపిరి పీల్చినట్టు ఊగే బటన్లు అన్నీ ఇదే లెక్క. ఇక్కడ తరచూ కనిపించే తప్పు: ప్రతి ఫ్రేములో ఎత్తు = ఎత్తు + సైన్(టైము) అని కలుపుతూ పోవడం. నాణెం మొదలైన చోటికి అటూ ఇటూ ఊగదు, ఒకే వైపు వెళ్లి తిరిగొస్తుంది. సైన్‌ను కూడుతూ పోతే వచ్చేది 1 − కోసైన్, అదెప్పుడూ సున్నాకు కింద పడదు. పైగా ఊపు ఎంత అన్నది ఫ్రేముల సంఖ్య మీద ఆధారపడుతుంది. మొదటి ఎత్తును వేరే వేరియబుల్‌లో దాచుకుని, ఎత్తు = మొదటి ఎత్తు + 6 × సైన్(6.28318 × ఫేజ్) అని ప్రతిసారీ కొత్తగా లెక్క వేయండి. ఆరు పిక్సెళ్లు, రెండు సెకన్ల చుట్టు అయితే చాలా ఆటలకు సరిపోతుంది. అన్ని నాణేలూ ఒకేసారి ఊగితే కవాతులా ఉంటుంది. ఒక్కోదానికి ఫేజ్‌లో కొంత తేడా ఇవ్వండి.

ఆ తేడాతోనే అల కూడా పుడుతుంది. వరుసలో ఉన్న ఎల్ఈడీలకు 0 నుంచి నంబర్లు ఇచ్చి, ఫేజ్ − నంబర్ ÷ మొత్తం అని రాస్తే అల పెద్ద నంబర్ల వైపు పాకుతుంది. మైనస్ బదులు ప్లస్ పెడితే వెనక్కి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికి మూడో వంతు చొప్పున తేడా ఇస్తే రంగు మెత్తగా తిరుగుతుంది. అప్పుడు మూడు ఆకారాల మొత్తం ఎప్పుడూ 1.5 దగ్గరే ఉంటుంది, పైకీ కిందికీ పోదు. గామా పెడితే ఆ లక్షణం పోతుంది, మధ్య రంగులు కాస్త మసకబారతాయి.

ఒక్కవైపు ప్రయాణం, పాయింట్ల లెక్క

ఊగడం కాకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లి ఆగాలంటే సగం చుట్టు చాలు: (1 − కోసైన్(3.14159 × భాగం)) ÷ 2. భాగం 0 నుంచి 1 దాకా. 0.1 దగ్గర 0.024, 0.25 దగ్గర 0.146, 0.5 దగ్గర 0.5, 0.9 దగ్గర 0.976. మధ్యలో వేగం తిన్నని గీత కంటే 1.57 రెట్లు. భాగం 1 దాటనివ్వకండి, దాటితే వస్తువు వెనక్కి బయల్దేరుతుంది.

విలువల జాబితా ముందే తయారు చేసుకునేటప్పుడు భాగించేది ఎంతతో అన్నదే కీలకం. తిరుగుతూనే ఉండే చుట్టుకు 60 విలువలు కావాలంటే నంబర్ ÷ 60. ఒక్కవైపు ప్రయాణానికి 60 విలువలు కావాలంటే నంబర్ ÷ 59, లేకపోతే చివరిది గమ్యం చేరదు. చుట్టుకు 59తో భాగిస్తే మొదటి విలువా చివరి విలువా ఒకటే అవుతాయి, ప్రతి చుట్టుకీ ఒక ఫ్రేము ఆగినట్టు చిన్న కుదుపు వస్తుంది.

సైన్ విలువలు పరిధి అంతటా సమానంగా పరుచుకోవని కూడా గుర్తుంచుకోండి. చుట్టులో మూడో వంతు టైము అడుగున ఉన్న పావు పరిధిలోనే గడుస్తుంది, ఇంకో మూడో వంతు పైన ఉన్న పావులో. మధ్యనున్న సగం పరిధికి దక్కేది మిగిలిన మూడో వంతే.

ఫ్లోట్ లేకుండా

ఊనోలో ఫ్లోట్ సైన్ ఒక్కసారి పిలిస్తే సుమారు వంద మైక్రోసెకన్లు పోతాయి. ఒక దీపానికి అది లెక్కలోకి రాదు. వంద ఎల్ఈడీల పట్టీకి ప్రతి ఫ్రేములో పిలిస్తే మాత్రం 10 మిల్లీసెకన్లు అక్కడే ఖర్చు. 256 విలువల పట్టిక ముందే లెక్కవేసి ఫ్లాష్‌లో పెట్టుకోండి. ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లే, అందులో ఎనిమిదో వంతు దీనికి ఇవ్వడం దండగ. కోసైన్, గామా, కనిష్ఠం మూడూ పట్టికలోనే కలిపేస్తే బోర్డు చేయాల్సిన లెక్కే ఉండదు.

ఫేజ్‌కు 16 బిట్ల అంకె వాడి, దాని పై 8 బిట్లతో పట్టికలో వెతకండి. 65535 దాటగానే అది తనంతట తానే 0కి వస్తుంది, శేషం తీసే పనీ తప్పుతుంది. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఎంత కలపాలి? 4 సెకన్ల చుట్టుకు 200 సార్లు, కాబట్టి 65536 ÷ 200 = 327.68, అంటే 328. చుట్టు 3.996 సెకన్లు వస్తుంది, ఎవరికీ తెలియదు. గంట పొడవున్న చుట్టు కావాలంటే మాత్రం కలపాల్సింది 0.36, పూర్ణ సంఖ్యలో అది 0, దీపం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అక్కడ 32 బిట్ల ఫేజ్ వాడి 23861 కలపండి.

పట్టికకూ చోటు లేకపోతే ఏడో శతాబ్దపు మొదటి భాస్కరుడి సూత్రం ఉంది. 0 నుంచి 180 డిగ్రీల మధ్య కోణానికి:

సైన్ ≈ 4 × కోణం × (180 − కోణం) ÷ (40500 − కోణం × (180 − కోణం))

30కి సరిగ్గా 0.5, 90కి సరిగ్గా 1, 45కి 0.7059 ఇస్తుంది. తప్పు ఎక్కడా 0.002 దాటదు, 8 బిట్ల పనికి అది కనపడనే కనపడదు. 180 దాటితే 180 తీసేసి జవాబుకు మైనస్ పెట్టండి. ఇంటిజర్లలో చేసేటప్పుడు పైభాగాన్ని 127తో ముందే గుణించి తర్వాత భాగించాలి, లేకపోతే జవాబులన్నీ 0 లేదా 1 అవుతాయి. 90 డిగ్రీల దగ్గర పైభాగం 41,14,800 వస్తుంది. ఊనోలో మామూలు ఇంటిజర్ 32767తో ఆగిపోతుంది కాబట్టి లాంగ్ వాడాలి. పావు చుట్టుకే పట్టిక రాసి మిగతా మూడు పావులూ అద్దంలో తిప్పినట్టు తీయడమూ పాత పద్ధతే. 499లో ఆర్యభటుడు ఇచ్చింది పావు చుట్టుకు 24 మెట్లే, వ్యాసార్ధం 3438 తీసుకుని అన్నీ పూర్ణ సంఖ్యల్లోనే.

ప్రమిద వెలుగులా రెపరెపలాడాలంటే

ఒకే సైన్ మరీ క్రమంగా ఉంటుంది, మంటలా అనిపించదు. మూడు సైన్లు కలపండి: 310, 730, 1270 మిల్లీసెకన్ల చుట్లు, బరువులు 0.5, 0.3, 0.2. బరువుల మొత్తం 1 ఉండాలి, అప్పుడే పరిధి దాటదు. ఒక్కోదానికి శేషం విడిగా తీయండి. ఈ మూడు అంకెల్ని పదితో భాగిస్తే వచ్చేవి 31, 73, 127, మూడూ ప్రధాన సంఖ్యలు. అందుకే కలిసిన వంపు 47 నిమిషాల 54 సెకన్ల దాకా మళ్లీ అదే రాదు. 300, 600, 1200 పెట్టి ఉంటే 1.2 సెకన్లకే మొదటికొచ్చేది, కన్ను వెంటనే పట్టేస్తుంది. మూడు శిఖరాలూ ఒకేసారి కలవడం అరుదు కాబట్టి వెలుగు ఎక్కువసేపు మధ్యలోనే ఆడుతుంది. మంట ఆరిపోకూడదు కనుక కనిష్ఠం 60, గరిష్ఠం 255తో మొదలుపెట్టి, మరీ అల్లాడుతుంటే కనిష్ఠాన్ని 90కి పెంచండి.